టీనేజి పిల్లలను గంజాయికి దూరంగా ఉంచడం ఎలా: అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

"మా రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధం చేశారు, ఊళ్ళో దుకాణం కూడా తెరిచారు. ఇప్పుడు పిల్లలకు ఏమని చెప్పాలి?" కొంచెం అటూ ఇటుగా ఇదే ప్రశ్న న్యూజెర్సీ నుంచి, కాలిఫోర్నియా నుంచి, ఇల్లినాయ్ నుంచి వస్తూనే ఉంది. టెక్సాస్ వాళ్ళు ఇంకోలా అడుగుతారు: "ఇక్కడ నిషేధమే కదా, మాకెందుకు బెంగ?"

ఇద్దరికీ జవాబు ఒకే చోట మొదలవుతుంది. ఇంటి నియమాన్ని రాష్ట్ర చట్టానికి ముడిపెట్టకూడదు. "చట్టం ఒప్పుకోదు కాబట్టి వద్దు" అని చెప్పిన ఇంట్లో, చట్టం సడలిన రోజునే ఆ నియమమూ సడలిపోతుంది.

ఈ పనులకు ఒక వరుస ఉంది. చాలామంది ఆరో అంశంతో మొదలుపెట్టి, పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఉపన్యాసం ఇస్తారు. ముందున్న ఐదూ పూర్తి చేయకపోతే ఆ మాట నిలబడదు. పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలున్న ఇళ్ళను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

## 1. మీ రాష్ట్ర చట్టాన్ని ఒక కాగితం మీద రాసుకోండి

2023 చివరినాటికి 24 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ పెద్దల గంజాయి వాడకాన్ని అనుమతించాయి. అన్నింటిలోనూ కనీస వయసు 21. పదహారేళ్ళ పిల్లలు సరదాకు గంజాయి వాడవచ్చని చెప్పే రాష్ట్రం ఒక్కటి కూడా లేదు. ఈ సంగతి తెలియకనే చాలామంది తల్లిదండ్రులు పిల్లల వాదన ముందు నోరు మెదపలేకపోతారు.

తేడా అంతా శిక్షలో ఉంది. న్యూజెర్సీలో 18 ఏళ్ళ లోపు వాళ్ళ దగ్గర కొద్దిపాటి గంజాయి దొరికితే పోలీసులు రాతపూర్వకంగా హెచ్చరించి తల్లిదండ్రులకు తెలియజేస్తారు. టెక్సాస్‌లో రెండు ఔన్సుల లోపు ఆకు దొరికినా 180 రోజుల వరకు జైలు పడే నేరం. అదే గంజాయి నూనె నింపిన వేప్ అయితే, ఎంత తక్కువ ఉన్నా ఫెలనీ, అంటే తీవ్ర నేరం. అంటే ఒకే పిల్లవాడికి, జేబులో ఉన్న అదే వస్తువుకు, ఎడిసన్‌లో హెచ్చరిక, ఫ్రిస్కోలో ఫెలనీ కేసు.

చాలామంది కంటపడని సందు ఇంకొకటి ఉంది. 2018 ఫార్మ్ బిల్లు (ఫెడరల్ వ్యవసాయ చట్టం) మత్తెక్కించే రసాయనమైన డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం లోపు ఉన్న హెంప్‌ను, అంటే గంజాయి జాతి మొక్కను, గంజాయి లెక్కలోంచి తీసేసింది. దాన్ని ఆసరా చేసుకొని హెంప్‌తో చేసిన డెల్టా-8 లాంటి మత్తు గమ్మీలు (జెల్లీ మిఠాయిలు) గ్యాస్ స్టేషన్ల కౌంటర్ల మీదికి వచ్చాయి. గంజాయి నిషేధం ఉన్న రాష్ట్రాల్లో కూడా పిల్లల చేతికి మొదట అందేవి తరచూ ఇవే. 2025 నవంబరులో అమెరికా కాంగ్రెస్ ఈ సందును మూసే చట్టం చేసి, అమలుకు ఏడాది గడువు ఇచ్చింది. అప్పటిదాకా మీ ఊరి గ్యాస్ స్టేషన్లో ఏమి అమ్ముతున్నారో ఒకసారి స్వయంగా లోపలికి వెళ్ళి చూసి రండి. ఐదు నిమిషాల పని.

ఫెడరల్ చట్టం సంగతి వేరు. 1970 నాటి నియంత్రిత పదార్థాల చట్టం కింద గంజాయి ఇప్పటికీ నియంత్రిత పదార్థమే. దాన్ని అన్నింటికంటే కఠినమైన ఒకటో షెడ్యూలు నుంచి, కొంత సడలింపు ఉన్న మూడో షెడ్యూలుకు మార్చాలని 2024లో న్యాయశాఖ ప్రతిపాదించింది. ఆ మార్పు జరిగినా సరదాకు వాడటం ఫెడరల్ చట్టం దృష్టిలో నేరమే.

కాగితం మీద ఉండవలసినవి:

- మా రాష్ట్రంలో 21 ఏళ్ళ లోపు వాళ్ళ దగ్గర ఆకు దొరికితే ఏమవుతుంది?
- వేప్, గమ్మీ, నూనె దొరికితే ఏమవుతుంది?
- నేరాల విషయంలో ఎన్నో ఏట నుంచి పెద్దవాళ్ళుగా లెక్కిస్తారు? టెక్సాస్, జార్జియాలలో 17 ఏళ్ళకే.
- స్కూలు ఆవరణలో దొరికితే స్కూల్ డిస్ట్రిక్టు నియమం ఏమిటి?
- హెంప్ గమ్మీల అమ్మకానికి వయసు పరిమితి ఉందా?

స్కూలు నియమం డిస్ట్రిక్టు వెబ్‌సైట్లో విద్యార్థుల ప్రవర్తనా నియమావళిలో ఉంటుంది. ఏటా ఆగస్టులో చదవకుండానే సంతకం పెట్టే పత్రం అదే.

## 2. వీసా మీద ఉన్న కుటుంబాలకు విడిగా

అమెరికా పౌరులైన పిల్లలకు, హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు ఈ విషయంలో చాలా తేడా ఉంది. ఒకే స్కూల్లో, ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు స్నేహితుల్లో ఒకరికి చిన్న జరిమానాతో పోయేది ఇంకొకరికి గ్రీన్ కార్డు దారినే మూసేయవచ్చు. స్నేహితుడికి ఏమీ కాలేదు కాబట్టి తనకూ ఏమీ కాదని మీ పిల్లవాడు అనుకుంటాడు. ఆ భ్రమను మీరే తొలగించాలి.

ఇమిగ్రేషన్ వ్యవహారమంతా ఫెడరల్ చట్టం మీద నడుస్తుంది. రాష్ట్రం అనుమతించినా గంజాయికి సంబంధించిన పనులు పౌరసత్వ దరఖాస్తులో 'సత్ప్రవర్తన'కు అడ్డు కావచ్చని పౌరసత్వ, ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. సొంతానికి 30 గ్రాముల లోపు ఉంచుకున్న మొదటి కేసుకు దేశం నుంచి పంపేయడంలో ఒక మినహాయింపు ఉంది. కానీ దేశంలోకి అనుమతించే దశలో నిబంధనలు ఇంకా కఠినం. అక్కడ శిక్ష పడకపోయినా, నేరం చేసినట్టు స్వయంగా ఒప్పుకోవడమే చిక్కు తెచ్చిపెట్టవచ్చు. గ్రీన్ కార్డు వైద్య పరీక్షలో కూడా డాక్టరు మత్తు పదార్థాల గురించి అడుగుతారు.

రెండు సందర్భాలు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి.

మొదటిది నయాగరా ప్రయాణం. న్యూయార్క్‌లో గంజాయి పెద్దలకు చట్టబద్ధం. అవతల ఒంటారియోలో 19 ఏళ్ళకే చట్టబద్ధం. మధ్యలో ఉన్న వంతెన మీద మాత్రం ఫెడరల్ నేరం, రెండు వైపులా. కారులో ఎవరి బ్యాగులోనైనా ఒక గమ్మీ మిగిలి ఉన్నా ఇబ్బందే. మీ కారులో వస్తున్న బంధువుల కాలేజీ పిల్లలకూ ఈ మాట బయలుదేరే ముందే చెప్పాలి.

రెండోది కోర్టు. "తప్పు ఒప్పుకో, ఆర్నెల్లు తరగతులకు వెళ్ళు, కేసు కొట్టేస్తాం" అని రాష్ట్ర కోర్టులో బేరం పెడతారు. పౌరుడికి అది మంచి బేరమే. పౌరుడు కానివాడు నేరం ఒప్పుకొని, కోర్టు ఏదో ఒక ఆంక్ష విధిస్తే, తర్వాత కేసు కొట్టేసినా ఇమిగ్రేషన్ లెక్కలో అది శిక్ష కిందికే రావచ్చు. మైనర్ల కోర్టు తీర్పులు సాధారణంగా అలా లెక్కకు రావు. కానీ 17 ఏళ్ళకే పెద్దవాళ్ళ కోర్టుకు పంపే రాష్ట్రాల్లో ఆ రక్షణ దొరకదు. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందేమో చెప్పడం డిఫెన్స్ లాయరు బాధ్యత అని 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా అంతటితో ఆగకండి. సంతకానికి ముందు ఇమిగ్రేషన్ లాయరుకు విడిగా చూపించండి.

పిల్లలకు ఇదంతా ఒక్కసారి, ప్రశాంతంగా చెబితే చాలు. రోజూ "వీసా పోతుంది" అని బెదిరిస్తే, నిజంగా చిక్కులో పడిన రోజు మీ దగ్గరికి రాకుండా దాచుకుంటారు. ఈ వ్యవహారంలో అన్నింటికంటే ఖరీదైన పొరపాటు అదే.

## 3. ఇంటిని సర్దండి

పిల్లలకు మత్తు దొరికే మొదటి చోటు చాలాసార్లు సొంత ఇల్లే. ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకొని ఈ పని ముగించండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యల సూట్‌కేసు చూడండి. ఆర్నెల్లకు సరిపడా మాత్రలు తెస్తారు. వాటిలో నిద్ర మాత్రలు, ఆందోళన తగ్గించేవి, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు ఉండవచ్చు. ఒక ప్లాస్టిక్ డబ్బాలో, డైనింగ్ టేబుల్ మీద, ఊరగాయ సీసా పక్కనే ఉంటాయి. వాళ్ళను నొప్పించకుండా తాళం ఉన్న పెట్టె ఒకటి కొనిచ్చి, తాళం చెవి వాళ్ళ చేతికే ఇవ్వండి.

పెద్దవాళ్ళు ఎవరైనా గమ్మీలు వాడుతుంటే అవి తప్పకుండా తాళంలో ఉండాలి. చూడటానికి అవి మామూలు మిఠాయిలే. ఆరేళ్ళ లోపు పిల్లలు గంజాయి తినుబండారాలు తిన్న సంఘటనలు పాయిజన్ కేంద్రాల లెక్కల ప్రకారం 2017లో 207 ఉంటే, 2021లో 3,054 అయ్యాయి. టీనేజి కుర్రాడి బ్యాగులోని గమ్మీని చెల్లెలు తినవచ్చు.

తనిఖీ జాబితా:

- మాత్రలు, సిరప్‌లు లెక్కపెట్టి తాళం వేశాం
- మిగిలిపోయిన శస్త్రచికిత్స నొప్పి మాత్రలు ఫార్మసీలో తిరిగి ఇచ్చేశాం
- మద్యం సీసాలు అందుబాటులో లేకుండా పెట్టాం
- పాయిజన్ సహాయ నంబరు 1-800-222-1222 ఫ్రిజ్ మీద అంటించాం
- నలాక్సోన్ స్ప్రే (ఫెంటానిల్ లాంటి మత్తుమందు మోతాదు మించితే ప్రాణం కాపాడే విరుగుడు) ఒకటి కొని పెట్టాం

చివరిది చూసి చాలామంది ఉలిక్కిపడతారు. 2023 నుంచి ఇది మందుల చీటీ లేకుండానే దొరుకుతోంది. ఫోను ద్వారా కొన్న నకిలీ మాత్రల్లో ఫెంటానిల్ (కొద్దిగా ఉన్నా ప్రాణం తీయగల మత్తుమందు) ఉండటం అమెరికా టీనేజర్ల మరణాలకు పెద్ద కారణమైంది. నిద్ర పట్టడానికో, పరీక్ష ముందు ఏకాగ్రతకో "ఒక్క మాత్ర" అని తీసుకున్న పిల్లలూ వాళ్ళలో ఉన్నారు. మంటలు ఆర్పే సిలిండర్ కొని పెట్టుకున్నట్టే దీన్నీ ఉంచుకోండి.

## 4. వస్తువులను గుర్తుపట్టడం నేర్చుకోండి

గంజాయి అంటే పొగ, ఘాటు వాసన, ఎర్రటి కళ్ళు అనే బొమ్మ మనలో చాలామంది మనసులో పాతుకుపోయింది. ఇప్పుడు పిల్లల చేతుల్లో ఉన్నది ఆ రూపంలో లేదు.

పిల్లలు 'కార్ట్' అనేది వేలి పొడవు కూడా లేని సన్నని గాజు గొట్టం. లోపల తేనె రంగు చిక్కటి నూనె, ఒక కొసకు మరలు తిప్పిన లోహపు మూతి. దాన్ని పెన్నులా ఉండే బ్యాటరీకి బిగిస్తారు. బ్యాటరీ చూస్తే హైలైటర్ అనో పెన్ డ్రైవ్ అనో అనుకుంటాం. ఒక్క పీల్పు, కొద్దిపాటి ఆవిరి, నిమిషంలో వాసన పోతుంది. స్కూలు బాత్రూములో, మీ ఇంటి గరాజులో, పక్క గదిలో మీరుండగానే ఇది జరగవచ్చు.

బలం కూడా పెరిగింది. 1995లో అధికారులు పట్టుకున్న ఆకులో టీహెచ్‌సీ సగటున 4 శాతం. ఇప్పుడు దుకాణాల్లో ఆకు 15 శాతం దాటడం మామూలు. నూనెల్లో 60 నుంచి 90 శాతం దాకా ఉంటుంది. "మా కాలేజీ రోజుల్లో హాస్టల్లో మేమూ చూశాం, ఏమీ కాలేదు" అనే నాన్నలు ఈ అంకెల దగ్గర కాసేపు ఆగాలి.

గమ్మీలతో ఇంకో చిక్కు. పీల్చినది నిమిషాల్లో ఎక్కుతుంది. తిన్నది అరగంట నుంచి రెండు గంటలు తీసుకుంటుంది. "ఏమీ అనిపించడం లేదు" అని రెండోది, మూడోది తింటారు. ఆసుపత్రికి వచ్చే పిల్లల్లో చాలామంది కథ ఇదే.

## 5. ముందు పెద్దలిద్దరూ ఒక మాట మీదికి రండి

అమ్మ ఒకటి చెప్పి నాన్న ఇంకొకటి చెబితే పిల్లలు ఆ సందులోంచే జారుకుంటారు. కాబట్టి పిల్లలు లేని సమయంలో మీరిద్దరూ తేల్చుకోవలసినవి:

- నియమం ఒక్క వాక్యంలో ఏమిటి? ఉదాహరణకు: "ఈ ఇంటి పిల్లలు 21 ఏళ్ళు నిండేదాకా గంజాయి, మద్యం, వేప్ ముట్టరు, వాడిన వాళ్ళు నడిపే కారు ఎక్కరు."
- తప్పితే ఏమవుతుంది? చిన్నది, వెంటనే జరిగేది, మీరు నిజంగా అమలు చేయగలిగేది రాయండి. రెండు వారాలు కారు తాళాలు ఇవ్వకపోవడం అమలవుతుంది. "ఏడాది పాటు ఫోను లేదు" అమలు కాదు.
- మన వారాంతపు విందుల్లో మద్యం సంగతి ఏమిటి? తాగి నవ్వుతూ కారు ఎక్కే అంకుల్‌ను పిల్లలు గమనిస్తూనే ఉంటారు.
- మన పాత అలవాట్ల గురించి అడిగితే ఏమి చెబుతాం? అబద్ధం వద్దు, వీరగాథా వద్దు. "వాడాను, మానేశాను, నీకు వద్దంటున్నాను" అంటే చాలు.
- తాతయ్య, అమ్మమ్మలకు ఎంతవరకు చెబుతాం?

ఈ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. పిల్లవాడు ఒక రోజు చిక్కులో పడితే, ఆ వార్త సాయంత్రానికి విజయవాడలోని మేనత్త దాకా వెళ్ళిందని తెలిసిన మరుక్షణం మీతో మాట్లాడటం మానేస్తాడు.

## 6. మాట మొదలుపెట్టే పద్ధతి

ఒక పెద్ద సమావేశం కన్నా చిన్న చిన్న సంభాషణలు మేలు. కారు ప్రయాణం అన్నింటికంటే మంచి చోటు. ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కరలేదు, పది నిమిషాల్లో గమ్యం వచ్చేస్తుంది. క్రికెట్ కోచింగ్‌కో, సంగీతం క్లాసుకో ఎలాగూ తీసుకెళ్తూనే ఉంటారు.

మొదటి ప్రశ్న పిల్లవాడి గురించి కాకుండా పరిసరాల గురించి ఉండాలి.

"మీ స్కూల్లో బాత్రూముల్లో వేప్ సెన్సర్లు పెట్టారట, నిజమేనా?"

"పెట్టారు. ఎవరో ఒకరు రోజూ మోగిస్తూనే ఉంటారు."

"మరి నీకు బాత్రూముకు వెళ్ళాలంటే ఇబ్బందిగా ఉండదా?"

ఇక్కడ ఆగి వినండి. పేర్లు అడగకండి, "వాళ్ళతో తిరగకు" అనకండి. ఆ రోజుకు ఇంతే చాలు.

మిడిల్ స్కూల్లో, అంటే ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా, ఎవరు ఇచ్చినా గమ్మీ, చాక్లెట్ తినకూడదన్నది ముఖ్యం. హైస్కూల్లో కారు, పార్టీ, నకిలీ మాత్రలు ముఖ్యం. పదకొండు, పన్నెండు తరగతులకు వచ్చేసరికి ఒత్తిడి, నిద్ర, ఒంటరితనం గురించి మాట్లాడాలి. ఆ వయసులో గంజాయి వైపు లాగేవి ఎక్కువగా అవే.

పిల్లలు వేసే వాదనలు, మీ జవాబులు

"ఇక్కడ చట్టబద్ధమే కదా నాన్నా."
"21 నిండినవాళ్ళకు. ఆ వయసు ఊరికే పెట్టలేదు. మెదడు పూర్తిగా ఎదగడానికి ఇరవై అయిదేళ్ళ దాకా పడుతుంది. జ్ఞాపకం, ఏకాగ్రత మీద దెబ్బ పడేది ఈ వయసులోనే."

"మద్యం కన్నా మేలే కదా."
"నీకు రెండూ వద్దంటున్నాను. ఏది తక్కువ చెడ్డదో తేల్చే పని మనకెందుకు?"

"డాక్టర్లే మందుగా ఇస్తున్నారు."
"కొన్ని అరుదైన మూర్ఛ జబ్బులకు గంజాయి మొక్కలోని సీబీడీ అనే పదార్థాన్ని శుద్ధి చేసి తయారుచేసిన మందును ఎఫ్‌డీఏ (అమెరికా ప్రభుత్వ మందుల నియంత్రణ సంస్థ) 2018లో ఆమోదించింది. అది మోతాదు లెక్కగట్టి ఇచ్చే మందు, మత్తు ఎక్కించదు. గ్యాస్ స్టేషన్ గమ్మీకి దానితో సంబంధం లేదు."

"శివరాత్రికి భాంగ్ తాగుతారుగా, అమ్మా?" ఇది వినడానికి సిద్ధంగా ఉండండి, తెలివైన పిల్లలు తప్పకుండా అడుగుతారు.
"ఉత్తరాదిన కొన్ని చోట్ల పెద్దవాళ్ళు తాగుతారు. నీ వయసు వాళ్ళకు అది అక్కడైనా, ఇక్కడైనా మంచిది కాదు."

"అందరూ వాడుతున్నారు."
ఇక్కడ అంకె పనిచేస్తుంది. మిషిగన్ విశ్వవిద్యాలయం ఏటా జరిపే సర్వేలో 2024లో పన్నెండో తరగతి విద్యార్థుల్లో గడిచిన ఏడాదిలో గంజాయి వాడామని చెప్పింది దాదాపు నాలుగో వంతు. అంటే నలుగురిలో ముగ్గురు ముట్టలేదు. వాడేవాళ్ళు గొప్పలు చెప్పుకుంటారు, వాడనివాళ్ళు ఊరుకుంటారు. అందుకే అందరూ వాడుతున్నట్టు కనిపిస్తుంది.

"నిద్ర పట్టడం లేదు, అదొక్కటే పనిచేస్తోంది."
ఇది వాదన అనుకోకండి, సహాయం అడగడమే. ఇక్కడ నీతులు ఆపండి. ఎన్ని ఏపీ కోర్సులు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) తీసుకున్నాడో, రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటున్నాడో చూడండి. ఒక కోర్సు తగ్గిస్తే తీరే సమస్యకు డాక్టరు దాకా వెళ్ళనక్కరలేదు. తగ్గించినా తీరకపోతే వెళ్ళాల్సిందే. నా మట్టుకు నాకు, నాలుగు ఏపీలు, ఎస్‌ఏటీ కోచింగు, రోబోటిక్స్, వారాంతంలో కూచిపూడి పెట్టి, పైగా "ఒత్తిడి అంటే ఏమిటో నీకేం తెలుసు" అనే ఇళ్ళ గురించే ఎక్కువ బెంగ.

## 7. "వద్దు" అనడాన్ని సాధన చేయించండి

"వద్దని చెప్పు" అంటే సరిపోదు. స్నేహితుల మధ్య ముఖం చెల్లే మాట ఒకటి చేతిలో పెట్టాలి. తల్లిదండ్రుల మీద నెపం వేయడం అన్నింటికంటే తేలిక: "మా అమ్మ ఇంటికి వెళ్ళగానే వాసన చూస్తుంది", "మాది వీసా వ్యవహారం, దొరికితే ఇంటిల్లిపాదికీ ముప్పు." మీరు చెడ్డవాళ్ళుగా కనిపించినా పరవాలేదని ముందే చెప్పండి.

పార్టీ నుంచి బయటపడటానికి ఒక సంకేతం పెట్టుకోండి. పిల్లవాడు "నానమ్మకు ఫోను చేశారా?" అని మెసేజ్ పెడితే, మీరు వెంటనే ఫోను చేసి "అర్జెంటుగా ఇంటికి రావాలి, వస్తున్నాను" అంటారు. అర్ధరాత్రి రెండు గంటలైనా వెళ్తారు.

దీనికి ఒకే షరతు: ఆ రాత్రి కారులో ప్రశ్నలు ఉండవు. మర్నాడు టిఫిన్ తిన్నాక మాట్లాడుకోవచ్చు. ఒక్కసారి ఈ షరతు మీరు తప్పితే రెండోసారి ఆ మెసేజ్ రాదు.

## 8. అనుమానం వస్తే మొదటి రెండు రోజులు

ఒక్క లక్షణం చూసి తీర్మానించకండి. కొత్త స్నేహితులు, పగటి నిద్ర, చిరాకు టీనేజిలో మామూలే. మూడు నాలుగు కలిసి కొన్ని వారాలు కొనసాగితే పట్టించుకోవాలి: ఇష్టమైన ఆట మానేయడం, డబ్బు లెక్క తేలకపోవడం, గ్రేడ్లు ఉన్నట్టుండి జారడం, అగరుబత్తి వాసన గదిలో ఎక్కువవడం, కళ్ళ చుక్కల మందు సీసాలు కనిపించడం.

చేయవలసిన వరుస:

1. పిల్లవాడు మత్తులో ఉంటే వాదన పెట్టుకోకండి. పక్కన ఉండి గమనించండి.
2. మర్నాడు, మీ కోపం చల్లారాక, చూసినది మాత్రమే చెప్పండి: "నీ బ్యాగులో ఇది కనిపించింది. నాకు భయం వేసింది. నువ్వు చెప్పు."
3. ఎంత తరచుగా, ఎవరితో, ఎందుకు అన్నది తెలుసుకోండి. ఒంటరిగా వాడుతున్నానంటే ఎక్కువ గంభీరంగా తీసుకోవాలి.
4. అనుకున్న పర్యవసానాన్ని అమలు చేయండి. పెంచవద్దు, మాఫీ చేయవద్దు.
5. పిల్లల డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి.

డాక్టరు మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమంటారు. మన వాళ్ళకు ఇది అవమానంగా తోస్తుంది. నిజానికి పిల్లవాడు నిజం చెప్పే అవకాశం అక్కడే ఎక్కువ. 'క్రాఫ్ట్' అనే ప్రశ్నావళితో కారు, ఒంటరితనం, మరిచిపోవడం, స్నేహితుల మాటలు, చిక్కుల గురించి అడుగుతారు. రెండు లేదా అంతకన్నా ఎక్కువ "అవును"లు వస్తే లోతుగా పరిశీలిస్తారు. ప్రాణాపాయం ఉంటే మీకు చెబుతారు.

ఇంట్లో మూత్ర పరీక్ష కిట్ కొనాలా అని చాలామంది అడుగుతారు. నేను వద్దంటాను. అప్పుడప్పుడు వాడినవాళ్ళలో కొద్ది రోజులే కనిపిస్తుంది, రోజూ వాడినవాళ్ళలో మానేశాక కూడా నెల దాటవచ్చు. కాబట్టి ఫలితం చూసి మానాడో లేదో చెప్పలేరు, నమ్మకం మాత్రం పోతుంది. పరీక్ష అవసరమైతే డాక్టరు చేయిస్తారు.

గంజాయి వ్యసనానికి ఎఫ్‌డీఏ ఆమోదించిన మాత్ర ఏదీ లేదు. కౌన్సెలింగ్, కుటుంబమంతా పాల్గొనే చికిత్స పనిచేస్తాయి. ఎక్కడ దొరుకుతాయో 1-800-662-4357కు ఫోను చేసి తెలుసుకోవచ్చు. ఉచితం, గోప్యం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది.

వెంటనే 911కు ఫోను చేయవలసినవి

- లేపినా లేవకపోవడం, శ్వాస నెమ్మదించడం, పెదవులు నీలంగా మారడం (నలాక్సోన్ ఉంటే ఫోను చేస్తూనే ఇవ్వండి)
- లేని గొంతులు వినపడటం, ఎవరో వెంటాడుతున్నారనే తీవ్ర భయం
- ఛాతీ నొప్పి, మూర్ఛ
- చిన్న పిల్లలు గమ్మీ తిని మగతగా పడిపోవడం

చనిపోవాలని ఉందంటే 988. చాలా రాష్ట్రాల్లో ఇలాంటి ఆపదలో సహాయం కోసం ఫోను చేసినవారికి చట్టం కొంత రక్షణ ఇస్తుంది. ఈ సంగతి పిల్లలకూ చెప్పండి, స్నేహితుణ్ణి వదిలేసి పారిపోకుండా ఉంటారు.

ఇంకొక లక్షణం తెలుగు ఇళ్ళలో అజీర్తి అనుకొని వాము నీళ్ళతో సరిపెడతారు. రోజూ ఎక్కువగా వాడేవాళ్ళలో కొందరికి ఆగని వాంతులు వస్తాయి, వేడినీళ్ళ స్నానం చేస్తే కాసేపు ఉపశమిస్తాయి. గంటల తరబడి షవర్ కింద నిలబడే పిల్లవాడికి వాంతులు కూడా ఉంటే డాక్టరుకు ఈ రెండూ కలిపి చెప్పండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

"మార్కులు బాగున్నాయి కాబట్టి ఏమీ లేదు." మంచి గ్రేడ్లు తెచ్చుకుంటూనే ఏడాది పాటు రాత్రిళ్ళు వేప్ వాడే పిల్లలుంటారు. మార్కులతో పాటు నిద్ర, స్నేహాలు, భోజనం గమనించండి.

ఇండియాకు పంపేయడం. "ఏడాది హైదరాబాదులో పెడితే దారికొస్తాడు" అనే ఆలోచన చాలామందికి వస్తుంది. గంజాయి అక్కడా దొరుకుతుంది, అలవాటుకు కారణమైన దిగులు సూట్‌కేసుతో పాటే వస్తుంది. పైగా 1985 నాటి మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద అక్కడ చిన్న మొత్తానికీ జైలు పడవచ్చు. సెలవులకు వెళ్ళేటప్పుడు కూడా పిల్లల బ్యాగులో గమ్మీ, వేప్ లేవని చూసుకోవాలి.

కొట్టడం, తిట్టడం. అమెరికాలో చట్టపరమైన చిక్కు ఒకవైపు. అంతకన్నా ముందు, ఆ రోజుతో పిల్లవాడి దగ్గర నుంచి సమాచారం రావడం ఆగిపోతుంది. చేయి లేస్తోందనిపిస్తే మాట ఆపేసి బయట నడిచి రండి.

స్కూలు శిక్షను అలాగే ఒప్పుకోవడం. సస్పెన్షన్‌కు బదులు కౌన్సెలింగ్ కార్యక్రమం ఉందా అని రాతపూర్వకంగా అడగండి. చాలా డిస్ట్రిక్టుల్లో ఉంటుంది, అడిగినవాళ్ళకే దక్కుతుంది.

పాత భయాలు పట్టుకు వేలాడటం. డ్రగ్ కేసు ఉంటే ఫెడరల్ విద్యార్థి సహాయం రాదని ఇప్పటికీ చెబుతుంటారు. ఫాఫ్సా దరఖాస్తులో ఆ నిబంధనను తొలగించారు. తప్పుడు బెదిరింపు ఒకటి బయటపడితే మీ నిజమైన హెచ్చరికలనూ నమ్మరు.

## 10. ఏడాదికి రెండుసార్లు చూసుకోవలసినవి

ఆగస్టులో స్కూలు తెరిచేటప్పుడు:

- స్కూలు నియమావళి మళ్ళీ చదివాం
- తాళం పెట్టె, మాత్రల లెక్క సరిచూశాం
- సంకేతపు మెసేజ్ పిల్లలకు గుర్తుంది
- నలాక్సోన్ గడువు తేదీ చూశాం

నవంబరు ఎన్నికల తర్వాత:

- మా రాష్ట్రంలో గంజాయి మీద ఓటింగ్ జరిగిందా? ఏమి మారింది?
- హెంప్ ఉత్పత్తుల నిబంధనలు మారాయా?
- వీసా స్థితిలో మార్పు ఉంటే రెండో అంశం మళ్ళీ చదివాం

కాలేజీకి వెళ్ళే ఏడాది ఇంకో రెండు పనులు చేరతాయి. గంజాయి చట్టబద్ధమైన రాష్ట్రంలోని యూనివర్సిటీ అయినా, ఫెడరల్ నిధులు తీసుకుంటున్నంత కాలం క్యాంపస్‌లో దాన్ని అనుమతించదు. హాస్టల్ గదికి అద్దె కట్టాం కదా అని అక్కడ ఇంటి సొంత నియమాలు నడవవు. ఈ మాట సామాను సర్దే ముందే చెప్పండి.

రెండోది, 18 నిండిన మర్నాటి నుంచి ఆసుపత్రి వాళ్ళు పిల్లల వివరాలను వాళ్ళ అనుమతి లేకుండా మీకు చెప్పనక్కరలేదు. వైద్య సమాచార అనుమతి పత్రం, అత్యవసర వైద్య నిర్ణయాల అధికార పత్రం ముందే పూర్తి చేయించి, సంతకాలు పెట్టించి, ఫోటో తీసి అందరి ఫోన్లలో ఉంచుకోండి. కొన్ని రాష్ట్రాల్లో రెండో పత్రానికి సాక్షులో, నోటరీయో కావాలి.